సంతకం అడిగితే ఆగండి! నోటీసు వస్తే అందుకోండి!

అన్నలారా! అక్కలారా! కౌలు రైతులారా! కూలి తల్లులారా! ఆటో తమ్ముళ్ళారా!

"ఖాళీ ప్రోనోటు చెల్లదులే!"
"నోటీసు తీసుకోకపోతే కేసే లేదు!"
"షూరిటీ అంటే పేరుకే!"
"స్టేషన్‌లో రాజీ అయ్యాక ఇంకేం కేసు?"

ఎన్నిసార్లు విన్నాం ఈ మాటలు? ఎన్నిసార్లు మనమే పక్కవాళ్ళకు చెప్పి ధైర్యం ఇచ్చాం? నాలుగూ తప్పే! నాలుగూ మన కొంపలు ముంచిన మాటలే! గుంటూరు మిర్చి యార్డు దగ్గర అడగండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర అడగండి. వీటిలో ఏదో ఒకటి నమ్మి కోర్టు మెట్లెక్కినవాళ్ళు లేని ఊరుందా? వడ్డీకిచ్చేవాడికి లాయరున్నాడు. మన దగ్గర టీకొట్టులో విన్న మాట ఉంది. ఆ తేడాకే మన ఎకరాలు పోతున్నాయి! మన పుస్తెలు తాకట్టులో మగ్గుతున్నాయి!

ఈ కాగితం చదవండి. చదవడం రానివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

అప్పు తెచ్చే రోజు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా? పిల్ల ఫీజుకో, ఆసుపత్రి బిల్లుకో, ఎరువుల కొట్టు బాకీకో వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడతాం. ఆయన బల్ల సొరుగులోంచి అచ్చు ప్రోనోటు తీస్తాడు. పేరు ఉండదు. తేదీ ఉండదు. అంకె ఉండదు. కింద రూపాయి రెవెన్యూ స్టాంపు ఒక్కటే అంటించి ఉంటుంది. "ఇదిగో, ఈ స్టాంపు మీదుగా సంతకం చెయ్యి. మిగతాది మా గుమాస్తా నింపుకుంటాడులే." మనం నోరెత్తం. డబ్బు అవతలి పక్క ఉంది మరి! సంతకం రాకపోతే వేలు పట్టుకుని ముద్ర వేయిస్తారు. బయటికొచ్చి మనకు మనమే చెప్పుకుంటాం: ఖాళీది కదా, కోర్టులో నిలవదులే!

నిలుస్తుంది! 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 20వ సెక్షన్ ఉంది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం చేసి ఇచ్చామంటే, దాన్ని నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే లెక్క. అదే చట్టంలో 118వ సెక్షన్ ఉంది. సంతకం మనదని తేలితే, డబ్బు మనకు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. ముట్టలేదనీ, అంత ముట్టలేదనీ రుజువు చేసుకోవాల్సింది మనమే! తెచ్చింది యాభై వేలు. కోర్టుకొచ్చిన కాగితంలో ఐదు లక్షలు. "అంత తేలేదయ్యా" అని మొత్తుకుంటే సాక్ష్యం ఏది? ఆ రోజు గదిలో ఉన్నదెవరు? వాళ్ళ గుమాస్తా, వాళ్ళ డ్రైవరు. సాక్షి సంతకాలూ వాళ్ళవే!

చెక్కు సంగతీ ఇంతే. "ఖాతాలో పైసా లేదు, నా చెక్కు వాడికెందుకు పనికొస్తుంది?" అనుకుని ఐదు ఖాళీ చెక్కులు ఇచ్చి వస్తాం. పైసా లేకపోవడమే వాడికి కావాల్సింది! చెక్కు బౌన్సయితే అదే చట్టం 138వ సెక్షన్ కింద కేసు. రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. సంతకం చేసి ఖాళీ చెక్కే ఇచ్చాను, అంకె వాడు రాసుకున్నాడు అంటే సరిపోదని సుప్రీంకోర్టు 2019లో బీర్ సింగ్ కేసులో తేల్చేసింది. బ్యాంకుకు పరుగెత్తి స్టాప్ పేమెంట్ పెట్టినా, ఖాతా మూసేసినా అంతమాత్రాన కేసు తప్పదు.

అవసరం మనది, బల్ల వాడిది. నిజమే. అయినా కొన్ని పనులు మన చేతిలో ఉన్నాయి! మొత్తం అంకెల్లో, అక్షరాల్లో, తేదీ, వడ్డీ ముందు రాయిద్దాం. ఆ తర్వాతే సంతకం. రాత రాకపోతే బడికెళ్ళే పిల్లను వెంట తీసుకుపోదాం. నింపిన కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుందాం. డబ్బు ఖాతాలో వేయించుకుందాం. కట్టేది కూడా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కడదాం. చేతికిస్తే రసీదు అడుగుదాం. బాకీ తీరిన రోజే ప్రోనోటు, చెక్కులు వెనక్కి తీసుకుందాం! "బీరువా తాళం ఇంట్లో లేదు, రేపు రా" అన్నాడా? సరే, ఆఖరి వాయిదా డబ్బూ రేపే!

"ప్రోనోటుకు మూడేళ్ళే ఆయుష్షు" అంటారు. సగమే నిజం! ఆ మూడేళ్ళ లోపు కొంత కట్టి, వెనకవైపు చెల్లు రాసి సంతకం పెడితే అక్కడినుంచి మళ్ళీ మూడేళ్ళు. గడువు దాటిపోయాక "పాతది చించేద్దాం, కొత్తది రాసివ్వు" అంటాడు. పోనీలే అని రాసిచ్చామా, చెల్లకుండా పోయిన బాకీ మళ్ళీ చెల్లుబాటవుతుంది. అప్పు ఎగ్గొట్టమని మేం చెప్పడం లేదు. తెచ్చింది కడదాం. తేనిది ఎందుకు కట్టాలి?

వడ్డీ మాటేమిటి? నూటికి ఐదంటే ఏడాదికి అరవై! వడ్డీ మరీ అన్యాయంగా ఉందనుకుంటే లెక్క తిరగదోడి తగ్గించే అధికారం 1918 నాటి యూజూరియస్ లోన్స్ చట్టం కోర్టుకు ఇచ్చింది. కానీ కోర్టులో నిలబడి అడగాలి కదా! మనం నిలబడుతున్నామా? గుమ్మం దగ్గరే తలుపేసుకుంటున్నాం!

పోస్టుమ్యాన్ వస్తాడు. చేతిలో పొడుగాటి కవరు. దాని మీద లాయరు ముద్ర. ఇంట్లోంచి ఒకటే కేక: "తీసుకోవద్దు! తీసుకుంటే కేసు మెడకు చుట్టుకుంటుంది!" అమ్మ తలుపు మూసేస్తుంది. పోస్టుమ్యాన్ జేబులోంచి పెన్ను తీసి కవరు మీద రెండు ముక్కలు రాస్తాడు: "తీసుకోవడానికి నిరాకరించారు." సంతకం, తేదీ. అయిపోయింది! నోటీసు మనకు అందినట్టే! సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపిన కాగితం అందినట్టే లెక్క అని జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతుంది. చెక్కు నోటీసులకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది. మరి తలుపు మూసి మనం సాధించిందేమిటి? కవరులో ఏముందో తెలుసుకునే అవకాశం పోగొట్టుకున్నాం! చెక్కు నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేస్తే 138 కేసు ఉండదు. అప్పటికే బాకీ తీర్చేసి ఉంటే, ఆ మాట జవాబు నోటీసులో రాయించి పంపొచ్చు. ఆ 15 రోజులూ తలుపు వెనకే గడిపేస్తున్నాం!

కోర్టు సమన్లకూ ఇదే చేస్తున్నాం. దావా వేసినవాడు వాయిదాకు వెళ్తాడు. మనం వెళ్ళం. జడ్జి ముందు ఒక్క వైపు మాటే ఉంటుంది. ఇంకేముంది, ఎక్స్‌పార్టీ డిక్రీ! సమన్లు అందిన 30 రోజుల్లో మన జవాబు దాఖలు కావాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టేయించుకోవడానికి మనకున్న గడువూ 30 రోజులే. డిక్రీ తెచ్చుకున్నవాడికో? దాన్ని అమలు చేయించే ఈపీ వేసుకోవడానికి 12 ఏళ్ళు! మనం మరిచిపోతాం. వాడు మరిచిపోడు. పిల్ల పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్న నెలలో కోర్టు అమీనా వచ్చి గుమ్మం ముందు నిలబడతాడు. "ఎప్పటి కేసు ఇది?" అని నోరెళ్ళబెడతాం.

అమీనా వచ్చినా గుండె జారనివ్వకండి! సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. కట్టుకునే బట్టలు, వండుకునే గిన్నెలు, పడుకునే పరుపులు జప్తు చేయకూడదు. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తీయకూడని నగ జప్తు చేయకూడదు. పుస్తెల తాడు మీద ఎవడూ చెయ్యి వేయకూడదు! రైతు నాగలి, సేద్యానికి కావాల్సిన పశువులు, చేతిపనివాడి పనిముట్లు ముట్టుకోకూడదు. డబ్బు డిక్రీ కింద ఆడమనిషిని అరెస్టు చేయకూడదని 56వ సెక్షన్ చెబుతోంది. కట్టగలిగే స్తోమత లేని మనిషిని పేదరికం పేరున జైల్లో పెట్టకూడదని 1980లోనే జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న సుప్రీంకోర్టు బెంచి జాలీ జార్జ్ వర్గీస్ కేసులో చెప్పింది. ఈ ఒక్క ముక్క తెలియక, "రేపు జైలే" అన్న బెదిరింపు విని పురుగుమందు డబ్బా వైపు చూసినవాళ్ళు మన ఊళ్ళల్లో లేరా? తమ్ముడా, ఆగు! ఆ మాట అన్నవాడు అబద్ధమాడాడు!

కోర్టు వారంటు లేకుండా వడ్డీ వ్యాపారి మనుషులు వచ్చి గేదెను విప్పుకుపోతే దాన్ని వసూలు అనరు, దౌర్జన్యం అంటారు! గ్రూపు అప్పుల అక్కలారా, మీకూ ఒక మాట. మైక్రోఫైనాన్స్ వాళ్ళు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. తిట్టకూడదు. చుట్టాలను వేధించకూడదు. పేరు బయటపెట్టి పరువు తీయకూడదు. రాత్రి ఎనిమిదింటికి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి "లే" అనే హక్కు మనకుంది! ఒక్కళ్ళం అంటే వినడు. వీధి వీధంతా బయటికొచ్చి అందాం!

షూరిటీ గురించి. ఇంట్లో ఒకరికి సర్కారు ఉద్యోగం వస్తే చాలు, ఊరంతా చిట్టీ షూరిటీకి వస్తుంది. మొహమాటం. మేనమామ కొడుకు, కాదనలేం. "పేరుకే రా, కట్టేది నేనే కదా" అంటాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? అప్పు తీసుకున్నవాడి మీద ఎంత బాధ్యత ఉందో, హామీ ఉన్నవాడి మీదా అంతే! ముందు వాడి ఆస్తి అమ్మి, అది చాలకపోతేనే మన దగ్గరికి రావాలన్న రూలేమీ లేదు. నేరుగా మన జీతం మీదికే రావచ్చు. వస్తున్నారు కూడా! మేనమామ కొడుకు ఫోన్ ఎత్తడు.

ఇక పోలీసు స్టేషన్. ఖాకీ కనబడితే మన గొంతు తడారిపోతుంది. అక్కడ మన భయానికి, మన తెలియనితనానికి రెండింటికీ ధర కడుతున్నాం! బాకీ వసూలు పోలీసు పని కాదు. అప్పిచ్చినవాడు చెప్పాడని స్టేషన్‌లో కూర్చోబెట్టి ప్రోనోటు రాయించుకునే అధికారం ఎవరికీ లేదు. అరెస్టు చేస్తే, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసుల్లో తగిన కారణం లేకుండా అరెస్టు కూడదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అరెస్టు అక్కర్లేని చోట హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. మనం 41ఏ నోటీసు అంటామే, అదే. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాక అది 35వ సెక్షన్ అయింది. ఆ నోటీసు చించి పారేస్తే మన అరెస్టుకు మనమే దారి వేసినట్టు! వెళ్ళండి. వెళ్ళేముందు లాయరుకు చెప్పి వెళ్ళండి.

సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్ళను, 15 ఏళ్ళ లోపు పిల్లలను, 60 దాటిన పెద్దవాళ్ళను స్టేషన్‌కు రమ్మనకూడదు. పోలీసులే ఇంటికి రావాలి. మన ఫిర్యాదు మీద మన సంతకం ఉండాలి, అది వేరే సంగతి. విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మాత్రం మన సంతకం తీసుకోకూడదు. తెల్ల కాగితం మీద అయితే అసలే వద్దు! ఫిర్యాదు ఇస్తే ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. "మా పరిధి కాదు, పక్క స్టేషన్‌కు పో" అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటు ఉన్నాడు.

అన్నిటికన్నా ఎక్కువమందిని తిప్పలు పెడుతున్నది రాజీ! పొలం గట్టు దగ్గర కొట్లాట. రెండువైపులా తలలు పగిలాయి. ఎఫ్ఐఆర్ అయింది. పెద్దమనుషులు కూర్చున్నారు, ఖర్చులు మాట్లాడారు, స్టేషన్‌లో చేతులు కలిపారు. "ఇక అయిపోయింది పొండి" అన్నారు. అయిపోలేదు! ఎఫ్ఐఆర్ అయిన కేసు స్టేషన్‌లో చేతులు కలిపినంత మాత్రాన మూతపడదు. రాజీకి వీలున్న కేసైతే ఆ రాజీ కోర్టులోనో, లోక్ అదాలత్‌లోనో నమోదు కావాలి. మనమేమో మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకో, బెంగళూరుకో పనికి పోతాం. సమన్లు పాత ఇంటి చిరునామాకు వస్తాయి. వాయిదాలు తప్పుతాయి. నాన్‌బెయిలబుల్ వారంటు! సంక్రాంతికి బస్సు దిగినవాణ్ణి పిల్లల కళ్ళముందే తీసుకుపోతారు. గల్ఫ్‌కు పోదామని పాస్‌పోర్టుకు పెట్టుకున్న రోజు ఆ పాత కేసు బయటపడుతుంది. రాజీ అయినా, కేసు నంబరు అడిగి రాసుకోండి! కోర్టులో అది మూసేశారో లేదో కనుక్కోండి! లోక్ అదాలత్‌కు పోయినప్పుడు కూడా రాసిన షరతులన్నీ చదివించుకుని విన్నాకే సంతకం పెట్టండి. ఆ అవార్డు మీద అప్పీలు లేదు!

సంతకం పేరున జరిగే దగాలు ఇంకా ఉన్నాయి. "నోటరీ చేయించాం, రిజిస్ట్రేషన్ లాంటిదేలే" అని జాగా కొంటాం. కాదు! నోటరీ ముద్ర పడితే జాగా మన పేరున మారిపోదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి కొంటే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. జీపీఏ కాగితాలతో హక్కు బదలాయింపు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణలో సాదాబైనామాల మీద భూములు కొన్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది ఎందుకు?

"కట్నం ఇచ్చాం కదా చెల్లీ, ఇక్కడో సంతకం పెట్టు" అని పండక్కి పిలిచి చీర పెట్టి అడుగుతారు. కట్నం ఇస్తే వాటా పోదు! హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కుందని 2005లో చట్టం మారింది. దాన్ని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అక్కా, ఆ కాగితం చదివించుకోకుండా సంతకం పెట్టకు!

వంద రూపాయల స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకుని రెండో పెళ్ళి చేసుకుంటున్నారు. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప ఆ కాగితం విడాకులు కాదు. మొదటి పెళ్ళి నిలిచి ఉండగా రెండో పెళ్ళి చేసుకుంటే ఏడేళ్ళ దాకా జైలు. ఆ రెండో పెళ్ళి చెల్లకపోతే రోడ్డున పడేదెవరు? మన ఆడపిల్లే!

బండి అమ్మేసి తాళాలిచ్చి చేతులు దులుపుకున్నారా? ఆర్‌సీ మీద మీ పేరే ఉంటే, ఆ బండి గుద్దిన కేసు మీ ఇంటికే వస్తుంది. 2018లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. అమ్మిన 14 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాల్సింది అమ్మినవాడే. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా వేసుకుని "డిజిటల్ అరెస్టు చేశాం, కదలొద్దు, డబ్బు పంపు" అంటున్నాడా? ఏ చట్టంలోనూ అలాంటి అరెస్టు లేదు! ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి చేయండి.

లాయరుకు డబ్బెక్కడిది అంటారా? ఇది కూడా మనల్ని చంపుతున్న అబద్ధమే! 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ చూడండి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. మిగతా పేదలకు ఆదాయ పరిమితి లోపు ఉంటే ఇవ్వాలి. కోర్టు ఫీజూ వాళ్ళే భరిస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. మనం ఆ గేటు ముందు నుంచి రోజూ పోతూనే ఉన్నాం. లోపలికి ఎందుకు పోవడం లేదు?

పోదాం! ఒక్కరుగా భయమైతే పదిమందిమి కలిసి పోదాం! ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి రచ్చబండ దగ్గర కలుద్దాం. ఇంట్లో అటక మీద పడేసిన కవర్లు, సమన్లు, రసీదులు, ప్రోనోటు ఫోటోలు, అన్నీ తెచ్చుకోండి. విప్పని కవర్లు ముందు తెండి. అన్నీ పక్కపక్కన పెట్టి తేదీలు చూద్దాం. గడువు దగ్గరపడ్డవాళ్ళతో సోమవారం పొద్దున్నే కోర్టుకు బయల్దేరుదాం. ఆడవాళ్ళు తప్పకుండా రావాలి. షూరిటీ సంతకాలు పెట్టిన ఉద్యోగస్తులూ రావాలి.

ఉచిత న్యాయ సహాయానికి 15100. సైబర్ మోసానికి 1930. ఈ రెండు నంబర్లూ ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి. పక్కింటి అవ్వ ఫోన్‌లోనూ వేసిపెట్టండి!